ఆకుపచ్చ ముడి

శుక్రవారం

ఈ డైరీ పాతది. రిటైరైన రోజు డిపో వాళ్ళు చేతిలో పెట్టారు. ఇప్పుడు తేదీలకీ వారాలకీ పొంతన లేదు. తేదీ కొట్టేసి వారం ఒక్కటే రాసుకుంటా. చదివేది నేనే కదా, అడిగేదెవరు.

ఇవాళ పరువు పోయింది. జన్మంతా బస్సులో కండక్టరుగా చేశాను. నా ట్రిప్పు లేటని ఎవరిచేతా అనిపించుకోలేదు. పోయి పోయి ఈ వయసులో, తాడు బండి దగ్గర అనిపించుకున్నా. అదీ మా మనవరాలి పుణ్యమా అని.

పై ఆఫీసు నించి ఒక పెద్దమనిషి మా పేట పిల్లల సెంటరుకొచ్చాడు, తాడు బండి చూస్తానని. ఆయనకి అంతా నేనే చెప్పా. పొడుగు తాడు, దానికి ముడులు, ముడికో రంగు గుడ్డ. చిన్నపిల్లలు ఎవరి రంగు ముడి వాళ్ళు పట్టుకుని బడిదాకా నడవాలి. ముందొక పెద్దపిల్లాడు, వెనకొక పెద్దపిల్ల. మలుపు వచ్చినప్పుడల్లా వెనకున్న పిల్ల రంగులు పిలుస్తుంది, పిల్లలు "ఉన్నా" అనాలి. ఒక్క రంగు పలక్కపోయినా ముందున్నవాడు తాడు ఆపాలి. ఎవరైనా వెనక్కి వెళ్ళాల్సొస్తే తాడు మొత్తం వెనక్కి రావాలి. తాడులో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పకూడదు. ఇవి నేను పెట్టిన రూల్సే అన్నా. సెంటరు మేడమ్ గోడల నిండా కరుణ, బాధ్యత అని పోస్టర్లు అంటించింది. పోస్టరు చూసి బాగుపడ్డ పిల్లని నేనింతవరకు చూడలేదు. తనకంటే చిన్నవాణ్ణి జాగ్రత్తగా బడికి చేర్చడం వస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఆయన తల ఊపాడు.

అంతా బాగానే ఉంది. ఆయన పక్కనుండగానే బడి వాచ్‌మన్‌కి ఫోన్ చేశా, మా వాళ్ళు చేరారా అని. "ఏం అమ్మగారూ, ఇవాళ బండి బ్రేక్‌డౌనా?" అన్నాడు. స్పీకరులో పెట్టి చచ్చాను, పెద్దమనిషి విన్నాడు.

సంగతేమిటంటే, బఠానీ టోపీ మర్చిపోయాడట. వాడిది ఆకుపచ్చ ముడి, మనిషి కూడా అంతే ఉంటాడు, అందుకే బఠానీ. వెనక నడిచే మా పిల్ల టోపీ కోసం తాడు మొత్తాన్ని వెనక్కి తిప్పింది. సాయంత్రం అందరి ముందూ దులిపేశాను. "రూల్ నువ్వే పెట్టావుగా అమ్మమ్మా" అంది. "రూల్ టోపీలకి కాదే. మెత్తదనం వేరు, డ్యూటీ వేరు. ఇంకోసారి లేటయితే నిన్ను తాడు నించి తీసేస్తా" అన్నా. చెవులు ఎర్రబడ్డాయి దానికి. ముందు నడిచే నిచ్చెన గాడు, వాడి పొడుగుకి పిల్లలు పెట్టిన పేరది, నేల చూపులు చూశాడు.

మా పిల్ల వాళ్ళమ్మ, నా కూతురు, వేరే ఊళ్ళో నర్సు. పిల్ల చిన్నప్పటి నించీ నా దగ్గరే. మరీ మెత్తగా తయారైంది. లోకం బతకనిస్తుందా ఇంత మెత్తని మనుషుల్ని.

సోమవారం

ఏం రాయను. బఠానీ ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరవలేదు.

మంగళవారం

నిద్ర లేదు. రాస్తే అయినా బుర్ర కుదుటపడుతుందేమో.

నిన్న పొద్దున్న ఎప్పటిలాగే సెంటరు గేటు దగ్గర నిలబడి "రైట్ రైట్" చెప్పి పంపించాను. నా మోకాళ్ళు బడిదాకా రావు కదా. లోపలికెళ్ళి టీ పెట్టుకుంటున్నా. వర్క్‌షాపు మలుపులో ఏదో చప్పుడు, తర్వాత అరుపులు. టైరు పేలిందనుకున్నా. టీ దింపి మరీ వెళ్ళాను. ఆకుపచ్చ టోపీ కనబడింది ముందు.

సరుకుల వ్యాను వెనక్కి తీస్తున్నాడట, వీడు పరిగెత్తుకుంటూ వచ్చాడట. అప్పటికి తాడు పోస్టాఫీసు మలుపు కూడా దాటిపోయింది. బడి గేటు దగ్గర తలలు లెక్కపెట్టేదాకా వాడు లేడన్న సంగతే ఎవరికీ తెలియదు. పోస్టాఫీసు దగ్గర మా పిల్ల "ఆకుపచ్చ" అని పిలిస్తే "ఉన్నా" అని వినబడిందట. నిచ్చెన కూడా విన్నాడు. విన్నాడు కాబట్టే తాడు ఆపలేదు.

పలికింది బఠానీ కాదు. వాడి అక్క. నారింజ రంగు ముడి పిల్ల, తొమ్మిదేళ్ళది. రెండు చేతుల్తో రెండు ముడులు పట్టుకుని తమ్ముడి బదులు పలికింది. బడి గేటు దగ్గర టీచరు అడిగితే ఒప్పుకుందట. ఎందుకు పలికావంటే మాత్రం నోరు విప్పదు. వాడెందుకు వెనక్కి వచ్చాడో కూడా చెప్పదు.

వాళ్ళమ్మ బేకరీలో పని చేస్తుంది. ఒంటి చేత్తో ఇద్దర్నీ పెంచుకుంటోంది. పిండి చేతుల్తోనే ఆస్పత్రికొచ్చింది. వరండాలో కూతుర్ని చూసి ఒకటే మాట అంది. "నువ్వు నోరు మూసుకునున్నా వాళ్ళు ఆగేవాళ్ళే." ఆ పిల్ల అలాగే గోడకి అతుక్కుపోయింది.

మా పిల్ల అన్నం ముట్టలేదు. దానికేం తెలుసు పాపం. పిలిచింది, పలికారు. దాని డ్యూటీ అది చేసింది.

బుధవారం

వాడింకా కళ్ళు తెరవలేదు. తల లోపల వాపు తగ్గాలంటున్నారు.

సెంటరు మేడమ్ పిలిచింది. ఆదివారం తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగు పెడదాం, తాడు బండి ఉంచాలా తీసెయ్యాలా తేల్చాలి అంది. నాకు ఒళ్ళు మండింది. తాడేం చేసింది? "తాడులో తప్పు లేదు, అబద్ధంలో ఉంది. అబద్ధం చెప్పిన పిల్ల తాడులో ఉండకూడదు, అది తేల్చండి చాలు" అన్నా. మేడమ్ కాస్త నసిగింది, పసిపిల్ల కదా అని. "పసిదాని మాటకే కదా ఒక ప్రాణం మీదికొచ్చింది" అన్నా. సరే, ఆ మాట మీటింగులో మీరే చెప్పండి, పిల్లలు మీకైతే భయపడతారు అంది. చెప్తానన్నాను.

చెప్పకపోతే ఎలా. రూలంటే రూలే.

ఇంటికొచ్చి మా పిల్లతో ఇదే చెప్పా. గ్లాసు కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది.

గురువారం

సాయంత్రం మా పిల్ల పెరటి మెట్ల మీద కూర్చుని అగ్గిపెట్టెలో గడ్డి తుంచి వేస్తోంది. పెట్టెకి సూదితో పొడిచిన చిల్లులు. ఏమిటే అది అన్నా. వెనక్కి దాచబోయింది. దాచడం చాతకాదు దానికి. లోపల ఒక నల్లటి పురుగు, వీపు మెరుస్తోంది. బతికే ఉంది.

"ఎవరిదే?"

"బఠానీది."

"నీ దగ్గరికెలా వచ్చింది?"

"సెంటరు గోడ మీదుంది. ఆ రోజు పొద్దున్న అక్కడ మర్చిపోయాడు."

"మర్చిపోయాడని నీకెవరు చెప్పారు?"

అడిగాక నాలుక కొరుక్కున్నా. కొన్ని అడక్కుండా ఉంటేనే ఇల్లు నిలుస్తుంది. కానీ అడిగేశాను, అది చెప్పేసింది. మూడు రోజుల నించి ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నట్టుంది, ఆగకుండా చెప్పింది.

వర్క్‌షాపు మలుపు దాటాక వాడు ఏడుపు అందుకున్నాడట. ఎండ వస్తే గోడ కాలుతుంది, పురుగు చచ్చిపోతుంది అని. ఇది తాడు తిప్పుదామనుకుందట. టైము చూసుకుందట. "పరిగెత్తుకెళ్ళి పరిగెత్తుకురా" అందట వాడితో. నారింజతో "వాడి ముడి కూడా నువ్వే పట్టుకో, నేను పిలిస్తే నువ్వే పలుకు" అందట. లేకపోతే నిచ్చెన తాడు ఆపేస్తాడు కదా.

"ఎందుకే అంత పని చేశావు?" అన్నా.

నా మొహంలోకి చూసింది. దానికే తెలియదు కాబోలు.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. నారింజ కూడా చెప్పలేదు. నేను చెప్పొద్దనలేదు అమ్మమ్మా, తనే అంది. చెప్పనక్కా, తాడులో చాడీలు చెప్పకూడదుగా అని."

తర్వాత చెప్పాను. నోరు మూసుకోమన్నాను. ఎల్లుండో అవతలెల్లుండో పోలీసులు మళ్ళీ వస్తారు. వ్యాను వాడి తరఫువాళ్ళు తప్పు ఎవరి మీదికి తోద్దామా అని కాచుకునున్నారు. చిన్నదాన్నయితే నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు. నువ్వు పెద్దదానివి, నిన్ను వదలరు. జీవితాంతం జనం నోళ్ళలో నానుతావు.

"అది పసిది అమ్మమ్మా."

"అందుకే చెప్తున్నా."

అగ్గిపెట్టె మూసి లోపలికెళ్ళిపోయింది. పిల్లని కాపాడుకోవడం తప్పా? ఏ తల్లైనా ఇంతే చేస్తుంది. ఆ నారింజ పిల్లకి ఇల్లు లేదా, తల్లి లేదా, వాళ్ళు చూసుకుంటారు.

శుక్రవారం

బేకరీ వైపు పోకూడదనే అనుకున్నా. కానీ పోకపోతే, ఈవిడెందుకు రావడం లేదనుకుంటారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. బ్రెడ్డు కోసం వెళ్ళా.

బేకరీ ఆవిడ ఆస్పత్రిలోనే ఉంది. కూతుర్ని తనతో తీసుకెళ్ళడం లేదట. యజమాని భార్య చెప్పింది. ఆ పిల్ల వెనక మెట్ల మీద, ఖాళీ ట్రేల పక్కన కూర్చునుంది. బడికి కూడా పోలేదు. నన్ను చూసి లేచి నిలబడింది. తాడు దగ్గర నేను నేర్పిందే, పెద్దవాళ్ళొస్తే లేవాలని.

"అమ్మమ్మగారూ, వాడు లేస్తే నన్ను తిడతాడా?"

నాకు తెలుసని దానికి తెలుసేమో అని దాని కళ్ళలోకి చూశా. తెలియదు. అది నన్ను నిజంగానే అడుగుతోంది, పెద్దదాన్ని కాబట్టి, నాకు అన్నీ తెలుస్తాయి కాబట్టి.

"తిట్టడులే" అన్నా. బ్రెడ్డు తీసుకోకుండానే వచ్చేశా.

శుక్రవారమే

పిల్లని కాపాడుకోవడం తప్పు కాదు.

శనివారం

బఠానీ కళ్ళు తెరిచాడు.

బేకరీ ఆవిడే ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పింది. అమ్మా, నీళ్ళు అడిగాడమ్మా అంది. ఇక్కడ నేను అబద్ధం రాయను, రాసి ఎవర్ని మోసం చెయ్యాలి. బిడ్డ బతికాడు అని వినగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, వాడికి గుర్తుందా అని. మొదటిది అదే. తర్వాతే ఏడుపు వచ్చింది. ఆవిడ చేతులు పట్టుకుని ఏడిచాను, ఆవిడా ఏడిచింది. ఆ ఏడుపులో సగం నిజమే.

"ఏమైనా చెప్పాడా?" అన్నా.

"ఏం చెప్తాడమ్మా, ఆ రోజు సంగతి ఒక్క ముక్క గుర్తులేదట. ఇక గుర్తుకు రాకపోవచ్చు, అదీ మంచిదే అన్నాడు డాక్టరు."

ఆవిడ వెళ్ళాక కుర్చీలో కూలబడ్డా. వారం రోజుల నించి గుండెల మీదున్న బండ దిగినట్టయింది. వంటగదిలోకి వెళ్ళి మా పిల్లతో చెప్పా. "గండం గడిచిందే. వాడు బతికాడు, వాడికేమీ గుర్తులేదు. ఇక ఎవరికీ తెలియదు."

అది స్టవ్ ఆపి నా వైపు తిరిగింది.

"నారింజకి గుర్తుందిగా అమ్మమ్మా."

అంతే అంది. రేపు మీటింగుకి నువ్వు రాకు, తలనొప్పని చెప్తాను అన్నా. సరే అనలేదు, కాదనలేదు.

ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాను.

సెంటరు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. మేడమ్ పక్కన నాకు కుర్చీ. తల్లిదండ్రులందరూ వచ్చారు. బేకరీ ఆవిడ ఆస్పత్రి నించి నేరుగా వచ్చింది. నారింజ వెనక, పిల్లల బెంచీ మీద చివర కూర్చుంది. దాని పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. ఇన్నాళ్ళూ దాని వెనకే నడిచిన పిల్లలు.

మేడమ్ తాడు మళ్ళీ మొదలవుతుందని చెప్పింది. ఒక్క మార్పు ఉంది, అది అమ్మగారు చెప్తారు అంది. నేను లేచాను. మాట సిద్ధంగానే ఉంది, బుధవారం నేనే అన్న మాట. అబద్ధం చెప్పిన పిల్ల తాడులో ఉండకూడదు. నారింజ కూడా లేచి నిలబడింది. పెద్దవాళ్ళు లేచారని లేచింది. జడ ఒకవైపు ఊడిపోయి ఉంది, ఎవరు వేస్తారు దానికి.

నోరు తెరిచాను. మాట రాలేదు. రాలేదని గొప్పగా చెప్పుకోను. ఇంకో క్షణం ఆగితే వచ్చేదేమో.

అప్పుడు తలుపు దగ్గర మా పిల్ల కనబడింది. తల దువ్వుకోలేదు. చేతిలో అగ్గిపెట్టె. నా వైపు చూడలేదు, మేడమ్ వైపు చూడలేదు. కుర్చీల మధ్యలోంచి నడిచి నారింజ పక్కన నిలబడి, అక్కణ్ణించి చెప్పింది.

"బఠానీని వెనక్కి వెళ్ళమన్నది నేను. వాడి ముడి పట్టుకోమన్నది నేను. నేను పిలిస్తే పలకమన్నదీ నేనే. ఇది నేను చెప్పిందే చేసింది."

నారింజ గాభరాగా దీని చెయ్యి పట్టుకుంది. "నేను చెప్పలేదక్కా" అంది. రూల్ తప్పాననుకుంటారని భయపడింది పిచ్చిది.

"తెలుసు. నేనే చెప్పా" అంది మా పిల్ల.

బేకరీ ఆవిడ లేచింది. కోప్పడలేదు, అదే భయమేసింది. నెమ్మదిగా అడిగింది.

"మొన్న టోపీ కోసం తాడంతా తిప్పావుగా అమ్మా. మరి ఇప్పుడెందుకు తిప్పలేదు?"

మా పిల్ల మాట్లాడలేదు.

"చెప్పమ్మా. ఎందుకు తిప్పలేదు?"

అగ్గిపెట్టె నలిగిపోకుండా అరచేతిలో పట్టుకుని నేల చూస్తోంది. గురువారం సాయంత్రం నేను ఇదే అడిగితే నా మొహంలోకి చూసిందే, ఇవాళ ఆ చూపు కూడా నా వైపు రానివ్వలేదు. వస్తే అందరూ చూస్తారు కదా. చిన్నది దీన్ని దాచింది. ఇది నన్ను దాస్తోంది. ఆ బెంచీ దగ్గర వాళ్ళిద్దరూ, ఇక్కడ కుర్చీ ముందు నేను. పాలు తాగే పిల్లిలా ఎన్నాళ్ళు కళ్ళు మూసుకోను.

"నేను తీసేస్తానన్నాను" అన్నా. "మళ్ళీ లేటయితే తాడు నించి తీసేస్తానన్నా, అందరి ముందూ. టోపీకి రూల్ లేదన్నా. అందుకని తిప్పలేదు. ఈ సంగతి గురువారం నించి నాకు తెలుసు. నోరు మూసుకోమన్నదీ నేనే."

బేకరీ ఆవిడ నన్ను చూసిన చూపు రాయలేను.

"నిన్న నా చేతులు పట్టుకుని ఏడిచారు" అంది.

అవునన్నాను.

ఆవిడ నన్ను వదిలేసి కూతురి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల వెనక్కి జరిగింది, గోడ తగిలేదాకా. తల్లికి ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియలేదు. చివరికి కింద కూర్చుని, దాన్ని అటు తిప్పుకుని, ఆ ఊడిన జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలెట్టింది. అల్లుతూ అల్లుతూ దాని వీపు మీద తల పెట్టేసింది. అప్పుడు ఏడిచింది ఆ పిల్ల. వారం రోజుల ఏడుపు.

తర్వాత తేల్చినవి. మా పిల్ల ఈ టర్ము అయిపోయేదాకా తాడు ముట్టకూడదు. నేను మానేస్తానన్నాను. మేడమ్ ఒప్పుకునేదే. బేకరీ ఆవిడే అడ్డం పడింది. "మానెయ్యడం తేలిక. ఆవిడే వెనక నడవాలి. గేటు దగ్గర నిలబడి రైట్ చెప్పడం కాదు, రోజూ పిల్లలతో నడవాలి" అంది.

ఇంటికొచ్చాక మా పిల్ల కంచం పెట్టింది. తిను అంది. తిన్నాను. ఎదురుగా కూర్చుని అదీ తింది, ఈ వారంలో మొదటిసారి. "నువ్వు చెప్తావనుకోలేదు" అంది. నేనూ అనుకోలేదని చెప్పలేదు.

మంగళవారం

పోలీసాయన వచ్చి పిల్లలిద్దరి మాటా రాసుకున్నాడు. నేను వణికినంత జరగలేదు. వెనక చూసుకోకుండా వ్యాను తీయడం డ్రైవరు తప్పేనన్నాడు. "నా తప్పు కూడా ఉంది" అంది మా పిల్ల. ఆయన కలం ఆపి దాన్ని చూశాడు. అదీ రాసుకున్నాడు. మా పిల్ల తిన్నగా నిలబడింది.

వాళ్ళమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పా. మా అమ్మాయి నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. పడ్డాను.

గురువారం

మా పిల్ల అగ్గిపెట్టె పట్టుకుని ఆస్పత్రికెళ్ళింది. పురుగుల్ని లోపలికి రానివ్వం అన్నారట. కిటికీ అద్దం బయట నిలబడి చూపించింది. వాడు నవ్వితే కట్లు లాగి, నొప్పికి ఏడిచాడట. ఆ తర్వాత పురుగుని వదిలేద్దామా అని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడట. ఇంకా మేపుతోంది.

నారింజని తల్లి లోపలికి తీసుకెళ్ళింది. వాడు తిట్టలేదు. నా ముడి ఎవరికీ ఇవ్వొద్దని మాత్రం అన్నాడట.

సోమవారం

ఇవాళ తాడు మళ్ళీ కదిలింది.

పిల్లలు తక్కువే వచ్చారు. కొందరు తల్లులు పంపలేదు, తప్పు పట్టను. నారింజ వచ్చింది, రెండు జడలూ గట్టిగా వేసుంది. ముందు నిచ్చెన. వెనక నేను. మా పిల్ల సెంటరు గేటు దగ్గర, నా చోట్లో నిలబడింది. "రైట్ చెప్పవే" అన్నా. నోటితో చెప్పలేక చెయ్యి ఊపింది.

నాలుగడుగులు వేశామో లేదో నా మోకాళ్ళు మొరాయించాయి. బస్సులో ఎంత నిలబడ్డానో గానీ ఇంత నడవలేదు ఎప్పుడూ. వర్క్‌షాపు మలుపు కనబడుతుండగా ఎర్ర ముడి పిల్ల ఆగింది. "అమ్మమ్మగారూ" అని ఆగింది. నన్ను చూసి భయపడి "ఏం లేదు" అంది.

"ఏమిటో చెప్పు."

"వాటర్ బాటిల్. గేటు దగ్గర."

అప్పటికే లేటు. నాకు తెలుసు, నిచ్చెనకి తెలుసు, పిల్లలందరికీ తెలుసు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నోట్లోంచి పాత "రైట్ రైట్" వచ్చేదే, మింగాను. "హోల్డాన్" అన్నా, బస్సు ఆపించినట్టు. "అందరం వెనక్కి. ముడి వదలకండి." తాడు మొత్తం తిరిగింది. గేటు దగ్గర మా పిల్ల బాటిల్ పట్టుకుని ఎదురొచ్చింది. నేను దాని వంక చూడలేదు, చూస్తే నడవలేను. మళ్ళీ తిరిగి నడిచాం.

వర్క్‌షాపు మలుపులో ఆపి రంగులు పిలిచాను. ఎరుపు. ఉన్నా. నీలం. ఉన్నా. నారింజ. ఉన్నా. తర్వాతది పిలవకూడదనుకున్నా, ఇంటి దగ్గర నించీ అనుకుంటూనే వచ్చా. నోటికి అలవాటు.

"ఆకుపచ్చ" అన్నాను.

ఎవరూ పలకలేదు. నిచ్చెన రూల్ ప్రకారం తాడు ఆపేశాడు. ఖాళీ ముడి నారింజ వెనకే వేలాడుతోంది. ఆ పిల్ల ఒక చేత్తో తన ముడి పట్టుకునే వెనక్కి తిరిగి, దాని వైపు చూసి, నన్ను చూసింది.

"లేడు" అంది. గట్టిగా, అందరికీ వినబడేట్టు. "ఆస్పత్రిలో ఉన్నాడు."

"సరే" అన్నా.

దూరంగా బడి గంట మోగింది. మేమింకా వర్క్‌షాపు మలుపులోనే ఉన్నాం. తర్వాతి రంగు పిలిచాను.